తమ్ముడికి లాయర్ని పెడితే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టా?

ప్రశ్న: మేడం గారూ, మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క పల్లె. నేను పెళ్ళయి కావలిలో ఉంటున్నాను, ఇంట్లోనే మిషన్ కుడతాను. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. మా తమ్ముడికి 23 ఏళ్ళు, రొయ్యల గుంటలకు మేత తోలే బండికి డ్రైవరు. 9 రోజుల క్రితం మా ఊరి 17 ఏళ్ళ అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. పోక్సో కేసు కట్టి వాణ్ణి నెల్లూరు జైల్లో పెట్టారు. వాడు తానేమీ చేయలేదంటాడు. ఆ పిల్లను చూస్తే అబద్ధం చెప్పే పిల్లలా లేదు. మాకు తెలిసిన లాయరు గారు "ఇట్లాంటి కేసులు నేను పట్టను" అన్నారు. ఇంకొకాయన 2 లక్షలు అడిగి, "ఆ పిల్ల సంగతి నాకు వదిలేయండి, బోనులో నిలబెట్టి ఉతికేస్తా" అన్నాడు. అమ్మ పేరు మీదున్న 10 అంకణాల జాగా అమ్మేద్దామని నాన్న తిరుగుతున్నాడు. పెద్దమనుషులేమో వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసేస్తే కేసు పోతుందంటున్నారు. మా చిన్నాన్న కొడుకులు ఆ పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వాడికి లాయర్ని పెడితే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టా? పెట్టకపోతే తోడబుట్టినవాణ్ణి గంగలో వదిలేసినట్టా? 8వ తరగతి చదివే నా పెద్దకూతురు "మామ ఏం చేశాడమ్మా" అని అడుగుతోంది. దానికి ఏం చెప్పాలో తెలీడం లేదు. — ఒక అక్క

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఊరి పేరు, ఆ అమ్మాయిని గుర్తుపట్టే వివరాలు ఉన్నాయి. అవన్నీ తీసేసి వేశాను. ఇలాంటి కేసుల్లో పిల్ల ఎవరో బయటపెట్టడం పోక్సో, అంటే 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం ప్రకారం నేరం. మీ చిన్నాన్న కొడుకులు చేసింది ఆ నేరమే. అందుకే మిగతావన్నీ తర్వాత, ముందు ఈ పని చేయండి. ఇవాళే వాళ్ళకు ఫోన్ చేసి ఆ ఫొటో తీయించండి. "మేము తమ్ముడి కోసమే పెట్టాం" అంటారు. దానివల్ల మీ తమ్ముడికి ఒరిగేదేమీ లేదు. వాళ్ళ మీద ఇంకో కేసు పడుతుంది, వీడి బెయిలుకు అడ్డం వస్తుంది. ఆ పిల్ల రేపు ఊళ్ళో తల ఎత్తుకుని కాలేజీకి పోలేదు. అదే సమయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మీ తమ్ముడి ఫోన్లో, మీ ఫోన్లో ఈ కేసుకు సంబంధించిన మెసేజీలు, ఫోన్ కాల్స్ వివరాలు ఏమైనా ఉంటే మాత్రం ఒక్కటి కూడా చెరపకండి. అవి సాక్ష్యం. లాయరుకు చూపించాలి, ఇంకెవరికీ పంపకూడదు.

మీ ఇంటి నుంచి ఎవరూ ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళొద్దు. బతిమాలడానికైనా సరే, కాళ్ళు పట్టుకోవడానికైనా సరే వద్దు. మీరు బతిమాలామనుకుంటారు, వాళ్ళు బెదిరించారని చెప్తారు, అలా చెప్పడంలో వాళ్ళ తప్పు కూడా ఉండదు. జైల్లో ఉన్నవాడి అక్క గుమ్మం ముందు నిలబడితే 17 ఏళ్ళ పిల్లకు అది బతిమాలినట్టు ఉండదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. లాయర్ని పెడితే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టు కాదు. నేను 22 ఏళ్ళుగా నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో ఆడపిల్లల తరఫునా నిలబడ్డాను, ముద్దాయిల తరఫునా నిలబడ్డాను. కాబట్టి ఈ మాట ఊరికే మీ మనసు తేలికపడాలని అనడం లేదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) నుంచి నాకొక కేసు ఇచ్చారు. చిన్నపిల్ల మీద అఘాయిత్యం చేశాడని ఒక నడివయసు మనిషి మీద కేసు. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతూ, "నీకు సిగ్గనిపించడం లేదా" అని ఒక్క మాట అంది. నేను ఆ కేసు వదల్లేదు. కాగితాలన్నీ చదివాను, డాక్టర్ని అడగాల్సినవి అడిగాను, పిల్లను అడగాల్సినవి మెల్లగా అడిగాను. అతనికి శిక్ష పడింది. హైకోర్టుకు అప్పీలు పోయింది, అక్కడా ఆ శిక్ష నిలబడింది. ఆ పిల్ల మళ్ళీ కోర్టు మెట్లు ఎక్కాల్సిన అవసరం రాలేదు. నేను సరిగ్గా పని చేయకపోయి ఉంటే "ముద్దాయికి సరైన లాయరు లేడు, మళ్ళీ మొదటి నుంచి విచారించండి" అని కేసు వెనక్కి వచ్చి ఉండేది.

అలా వెనక్కి వచ్చిన కేసు ఒకటి చెప్తాను. మధ్యప్రదేశ్‌లో 2013లో 9 ఏళ్ళ పిల్లను పాడుచేసి చంపేశారు. ముద్దాయి మీద కోర్టు అభియోగాలు మోపిన రోజే లాయర్ని ఇచ్చారు. ఆయనకు కాగితాలు చదివే సమయం కూడా ఇవ్వలేదు. రెండు వారాల్లోపే విచారణ ముగించి ఉరిశిక్ష వేశారు. అప్పట్లో అందరూ త్వరగా న్యాయం జరిగిందనే అనుకుని ఉంటారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసి, మళ్ళీ విచారించమంది. చివరికి 2024లో అతను నిర్దోషి అని తేలింది. 11 ఏళ్ళు అతను జైల్లో ఉన్నాడు. ఆ పిల్ల తల్లిదండ్రులకు 11 ఏళ్ళ తర్వాత చేతిలో ఏం మిగిలింది చెప్పండి?

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ చదివే అమ్మాయిని హత్య చేసిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పేదింటి కుర్రవాణ్ణి పట్టుకొచ్చి ఇతనే చేశాడన్నారు, 2010లో శిక్ష పడింది. ఆ అమ్మాయి కన్నతల్లే "వీడు కాదు చేసింది" అని మొదటి నుంచీ చెప్తూ వచ్చింది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా అతను జైల్లో గడిపాడు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ముద్దాయి తరఫున మాట్లాడిందంటే, ఆమె కూతురికి ద్రోహం చేసిందంటామా? అసలు దోషి దొరకాలనే కదా ఆమె తపన.

కాబట్టి తల్లీ, మీరు "నా తమ్ముడు మంచోడు, ఆ పిల్ల అబద్ధాల కోరు" అని నమ్మితేనే లాయర్ని పెట్టాలనేమీ లేదు. మీకు తెలియదు. నాకూ తెలియదు. మనం అక్కడ లేము. "ఆ పిల్ల అబద్ధం చెప్పే పిల్లలా లేదు" అని మీరు రాశారే, తమ్ముడు జైల్లో ఉండగా ఆ వాక్యం రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆ మాటను మనసులోంచి తుడిచేయకండి. దాన్ని అక్కడే ఉంచుకుని కూడా వాడికి లాయర్ని పెట్టొచ్చు.

కేసు పట్టనన్న లాయరు గారి గురించి. ఆయన మీద కోపం పెట్టుకోకండి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం, ముద్దాయి తప్పు చేశాడో లేదో అన్న సొంత అభిప్రాయంతో నిమిత్తం లేకుండా లాయరు వాదించాలి. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేస్తే అవి చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2012 నాటి ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత అక్కడి సాకేత్ కోర్టులోనూ, 2019లో దిశ ఘటన తర్వాత షాద్‌నగర్‌లోనూ లాయర్లు మేము నిలబడమన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కానీ అది తప్పే. ఇష్టమైన లాయర్ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది, నేరం ఎంత ఘోరమైనదైనా ఆ హక్కు పోదు. అలాగని మనసు ఒప్పని మనిషి చేత బలవంతంగా వకాల్తా వేయించి మీరు సాధించేదేముంది? ఇంకొకర్ని వెతుక్కోవడమే మంచిది.

నాకు భయమేసింది రెండో ఆయన మాటకు. "ఉతికేస్తా."

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో పోలీసులు తనపై అత్యాచారం చేశారని రమీజాబీ చెప్పింది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనలో పెద్ద భాగం, ఆమె మంచి ఆడది కాదని చూపించడం మీదే నడిచింది. కమిషన్ ఆమె మాటనే నమ్మింది. తర్వాత కేసు కర్ణాటకలో రాయచూరు కోర్టుకు వెళ్ళి, అక్కడ పోలీసులు విడుదలయ్యారు. ఆ రోజుల నుంచి చట్టం చాలా మారింది. ఆడమనిషి పాత పరిచయాలు, నడవడిక తవ్వి తీసి, అందువల్ల ఆమె ఒప్పుకునే ఉంటుందని వాదించడానికి ఇప్పుడు వీల్లేదు. అత్యాచారం జరిగిందని చెప్పిన ఆడమనిషికి వైద్యులు చేసే రెండు వేళ్ళ పరీక్షే తప్పు అని సుప్రీంకోర్టు 2022లో ఇంకోసారి గట్టిగా చెప్పింది. పోక్సో కోర్టులో అయితే లాయరు పిల్లను నేరుగా ప్రశ్నలు అడగడానికి లేదు. జడ్జి గారికి చెప్పాలి, జడ్జి గారు అడుగుతారు. ముద్దాయి ఆ పిల్లకు ఎదురుగా కనిపించకూడదు. తలుపులు మూసి విచారిస్తారు. వాయిదా రోజు మీరు కూడా లోపల కూర్చోలేరు, బయట వరండాలో ఎదురుచూడాల్సిందే. కాబట్టి ఉతికేస్తానన్నాయనకు చట్టమైనా తెలియదు, లేదా మీ భయం చూసి 2 లక్షలకు తగ్గ మాట చెప్తున్నాడు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక సీనియర్ పక్కన కేసు కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆయన బోనులో ఉన్న అమ్మాయిని ఆ రోజు ఏ బట్టలు వేసుకుందో, ఎందుకు వేసుకుందో అడుగుతూ పోయాడు. ఆ పిల్ల జవాబు చెప్పలేక బోను కమ్మీ పట్టుకుని ఏడ్చింది. నేను నోరు తెరవలేదు. ఆ రోజు సాయంత్రం ఆయనకు చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళయినా నా గొంతులోనే ఉంది. ఆ ప్రశ్నల వల్ల ఆ కేసులో ముద్దాయికి ఒక్క మేలు కూడా జరగలేదు.

నిజమైన డిఫెన్సు, అంటే ముద్దాయి తరఫు వాదన, వేరేగా ఉంటుంది. మంచి లాయరు మొదట జైలుకు వెళ్ళి మీ తమ్ముడితో మాట్లాడతారు. తర్వాత కాగితాలు. ఇలాంటి కేసుల ఎఫ్‌ఐఆర్ ఆన్‌లైన్‌లో పెట్టరు, కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి తీసుకోవాలి. రిమాండ్ రిపోర్టు, వైద్య పరీక్షల నివేదికలు, ఆ రోజు బండి ఎక్కడ తిరిగిందో చూపే రశీదులు, ఫోన్ టవర్ వివరాలు, ఇవన్నీ చూస్తారు. అరెస్టు ఎందుకు చేస్తున్నారో కారణాలు మీ తమ్ముడికి తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అవి ఇచ్చారా లేదా కనుక్కుంటారు.

వయసు చాలా ముఖ్యం. 18 నిండకపోతే ఆ పిల్ల ఒప్పుకుందా లేదా అన్నదానికి చట్టంలో విలువే లేదు. అందుకే వయసు రుజువును జాగ్రత్తగా చూడాలి. స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా 10వ తరగతి సర్టిఫికెట్ మొదట చూస్తారు, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఒట్టి టీసీ ఒక్కటే సరిపోదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిల్లను ఒక్క మాట అనకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా చేసే డిఫెన్సు ఇది. ఇంకోటి, పోక్సోలో 29వ సెక్షన్ ఉంది. ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫు వాళ్ళు, మూల విషయాలు రుజువు చేస్తే, నేరం జరిగిందనే కోర్టు అనుకుంటుంది. కాదని చూపించే బరువు ముద్దాయి మీద పడుతుంది. అత్యాచారం సెక్షన్ పెట్టి ఉంటే కనీస శిక్షే 10 ఏళ్ళు. ఇలాంటి కేసులో లాయరు లేకుండా, లేదా పేరుకు మాత్రం లాయరుతో ఉండటం చాలా ప్రమాదం.

90 రోజుల లెక్క మాత్రం మీరూ గుర్తుపెట్టుకోండి. ఆ సెక్షన్ ఉన్న కేసులో రిమాండ్ చేసిన రోజు నుంచి 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. దానంతట అది రాదు, అప్లికేషన్ వేయాలి, అదీ ఛార్జిషీటు పడకముందే. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెట్టుకోండి. ఈలోగా మామూలు బెయిలు కూడా అడగొచ్చు. పోక్సో కోర్టు ఇవ్వకపోతే హైకోర్టు ఉంది. బెయిలు మీద ఆ అమ్మాయి తరఫు వాళ్ళు కూడా తమ మాట చెప్పుకోవచ్చు. అది మీ మీద పగతో చేస్తున్నారనుకోకండి, అది వాళ్ళ హక్కు.

పెద్దమనుషుల పెళ్ళి మాట వినొద్దు. ఆ పిల్లకు 17 ఏళ్ళు, ఆ పెళ్ళి చేయడమే బాల్య వివాహం కింద ఇంకో నేరం. పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని ఒక టీచరు మీద కేసును హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును మళ్ళీ నిలబెట్టింది. రాజీ చేసుకోమనీ, పెళ్ళి చేసుకోమనీ కోర్టులే చెప్పకూడదని 2021లోనే అంది. కోర్టే చెప్పకూడని మాట రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు ఎలా చెప్తారు? పైగా ఆ పిల్ల చెప్పింది నిజమైతే, జీవితాంతం అదే ఇంట్లో ఉండమని ఆమెకు మనం శిక్ష వేస్తున్నట్టు.

ఇక జాగా. అమ్మకండి, కనీసం ఇప్పుడే అమ్మకండి. లీగల్ సర్వీసెస్ చట్టం, 1987 ప్రకారం జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. మీరు బీపీఎల్ కార్డు చూపించనక్కర్లేదు. నెల్లూరులో జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మీరు వెళ్ళి అర్జీ ఇవ్వొచ్చు, లేదా మీ తమ్ముడే జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపొచ్చు. కావలి నుంచి పోవడం కష్టమైతే 15100కు ఫోన్ చేయండి. "ఉచిత లాయరు అంటే పట్టించుకోరు మేడం" అని చాలామంది అంటారు. ఒకప్పుడు అది చాలా వరకు నిజం, నేను కాదనను. 2022 నుంచి జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులు పెడుతూ వచ్చారు. వాళ్ళు జీతం మీద పూర్తికాలం పని చేసే లాయర్లు, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు, మీ దగ్గర రూపాయి అడగకూడదు. అడిగితే సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు ఇవ్వండి, ఆయన కూడా జడ్జే. ఇంకో మాట కూడా గట్టిగా అడగండి. యావజ్జీవం దాకా శిక్ష పడగల కేసుల్లో ఉచితంగా ఇచ్చే లాయరుకు కనీసం 10 ఏళ్ళ అనుభవం ఉండాలనీ, కేసు చదువుకోవడానికి కనీసం 7 రోజులు ఇవ్వాలనీ ఇందాక చెప్పిన మధ్యప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రాసింది. అత్యాచారం సెక్షన్ పెట్టి ఉంటే మీ తమ్ముడి కేసు ఆ కోవలోదే. ఆ అమ్మాయికి కూడా అదే సంస్థ వేరే లాయర్ని ఉచితంగా ఇస్తుంది. ఈ సంగతి తెలిస్తే మీ మనసు కొంచెం కుదుటపడుతుందని రాస్తున్నాను.

ప్రైవేటు లాయర్నే పెట్టుకోవాలనుకుంటే ఫీజు ఎంతో, దేనికెంతో ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "ఆ పిల్లను ఏం అడుగుతారు?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆ జవాబును బట్టి మీకు తెలిసిపోతుంది.

ఇక ములాఖత్. చెముడుగుంట జైలుకు మీరు వెళ్ళినప్పుడు "నువ్వు చేశావా, చేయలేదా" అని అడగాలని ఉంటుంది. అడగొద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ వాడు లాయరుతో చెప్పుకున్న మాటకు చట్టం రక్షణ ఇస్తుంది, అది బయటికి రాదు. మీతో చెప్పిన మాటకు ఆ రక్షణ లేదు. రేపు మిమ్మల్నే సాక్షిగా పిలిస్తే కోర్టులో మీరు అబద్ధం ఆడలేరు, ఆడకూడదు కూడా. అందుకని ఇలా చెప్పండి: "నీ లాయరు దగ్గర ఒక్కటి కూడా దాచకు. చేసి ఉంటే చేశానని చెప్పు. ఏం చేయాలో ఆయన చెప్తారు." నేరం చేశానని చెప్పిన ముద్దాయికి కూడా లాయరు కావాలి. అలాంటప్పుడు లాయరు కోర్టులో కట్టుకథ చెప్పరు, చెప్పకూడదు. రుజువులు సరిగ్గా ఉన్నాయా, శిక్ష చట్ట ప్రకారం పడుతోందా అన్నది చూస్తారు. నేరం ఒప్పుకోవాలని వాడే అనుకుంటే, దాని అర్థమేమిటో ముందుగా వివరంగా చెప్తారు.

మీ పెద్దమ్మాయి సంగతి చివరికి ఉంచాను, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే. 13 ఏళ్ళ పిల్ల దగ్గర దాచలేరు, స్కూల్లో ఈపాటికి వినే ఉంటుంది. "మామ ఏ తప్పూ చేయలేదు, ఆ అక్కే చెడ్డది" అని మాత్రం చెప్పకండి. ఆ మాట వింటే, రేపు తనకేదైనా జరిగినా అమ్మ ఇలాగే అంటుందని ఆ పిల్ల మనసులో పడిపోతుంది. "మామ చెడ్డోడు" అని కూడా అనకండి. పక్కన కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూనో కూర తరుగుతూనో, ఇలా చెప్పండి: "మామ తనకు చెడు చేశాడని ఒక అక్క చెప్పింది. అది నిజమో కాదో కోర్టు చూస్తుంది. మామకు ఒక లాయరు ఉంటారు, ఆ అక్కకూ ఒక లాయరు ఉంటారు. ఎవరేమన్నా నువ్వు ఆ అక్కను ఒక్క మాట అనొద్దు. నిన్నెవరైనా ఎక్కడైనా చెయ్యి వేసినా, నీకు నచ్చని పని చేసినా, అది మన ఇంట్లోవాళ్ళే అయినా, మామే అయినా, నాతో చెప్పు. నేను నిన్నే నమ్ముతాను." ఇంతా చెప్పి కాసేపు ఊరుకోండి. తను ఏమైనా చెప్పాలనుకుంటుందేమో చూడండి. చెప్తే మధ్యలో ఆపకుండా వినండి, ఆ తర్వాత 1098కి ఫోన్ చేయండి, లేదా నాకు మళ్ళీ రాయండి.